కోనసీమ హోమ్‌స్టే దొడ్డిలో ఏం కట్టాలి, ఏం కొనాలి

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. రాజోలు వైపు వశిష్ఠ ఏటిగట్టుకు దగ్గరలో ఉన్న మీ నాన్నగారి పెంకుటింటిని రెండేళ్ళుగా సెలవులకు వచ్చేవారికి అద్దెకు ఇస్తున్నారు. ఇంటి ముందు పంటకాలువ, వెనక అర ఎకరం కొబ్బరి దొడ్డి ఉన్నాయి. లోపల సదుపాయాలన్నీ బాగున్నాయని, బయట మాత్రం కూర్చోవడానికి చోటే లేదని వచ్చినవారు రాస్తున్నారు. అందుకని రెండు లక్షల రూపాయల లోపు ఒక సోఫా సెట్టు, కృత్రిమ గడ్డి, ఇనుప పందిరి, కొబ్బరిచెట్ల మధ్య వేలాడే ఊయల, దీపాల తోరణాలు కొనాలనుకుంటున్నారు. వీటిలో ఏది ముందు కొనాలో చెప్పమన్నారు.

వీటిలో ఏదీ ముందు కొనవద్దన్నదే నా సమాధానం. మా అత్తవారి మండువా ఇంటినీ, ఏటిగట్టుకు ఏటివైపున ఉన్న చిన్న తోట ఇంటినీ పన్నెండేళ్ళుగా ఇలాగే అద్దెకు ఇస్తున్నాను. మీ జాబితాలోని వస్తువులన్నింటినీ ఒకప్పుడు నేనూ కొన్నాను, వాటిలో ఊయల తప్ప ఒక్కటీ ఈ రోజు మా దొడ్డిలో లేదు. ఆ అనుభవంతో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఆరుబయట ఉండే వస్తువు నేలలో పాతుకుని అసలు కదలనిదైనా అయ్యుండాలి, లేదా ఇల్లు చూసుకునే మనిషి ఒక్కడే ఎత్తి వసారాలోకి చేర్చగలిగేంత తేలికైనదైనా అయ్యుండాలి. ఈ రెండింటికీ మధ్య బరువున్నది ఎంత అందమైనదైనా డెల్టాలో పనికిరాదు.

ఎందుకో చెబుతాను. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు తోట ఇంటి ముందు నలుగురు మోయవలసిన సోఫా సెట్టు, దాని నడుమ అద్దం బల్ల ఉండేవి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఆ ఏడాది మూడో హెచ్చరిక కూడా దాటింది. రెండో హెచ్చరిక వినగానే ఎవరింట్లో వారు బియ్యం బస్తాలు, పశువులు, టీవీలు చూసుకుంటారు. మన సోఫా మోయడానికి నలుగురు మనుషులు ఆ పూట దొరకరు. మా తోట చూసే అతను, ఆయన భార్య కలిసి చేయగలిగినంత చేసి, పరుపులు మాత్రం అటక ఎక్కించారు. నీరు తీసిన తరువాత సోఫా అల్లికలోని ప్రతి సందులోనూ ఒండ్రు గట్టిపడి ఉంది. మూడు రోజులు కడిగినా వాసన పోలేదు. మీ ఇల్లు గట్టుకు లోపలి వైపున ఉంటే ఇంత ముప్పు రాకపోవచ్చు. కాని అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం కబురు వచ్చినప్పుడు మీరూ ఇదే చిక్కులో పడతారు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కొబ్బరి తోటలను ఏం చేసిందో మీ నాన్నగారి తరం వారిని అడిగితే, గాలికి ఎగిరే వస్తువు బయట ఎందుకు ఉండకూడదో వారు నాకంటే బాగా చెబుతారు.

కొనడానికి ముందు చేయవలసిన పని ఖర్చు లేనిది. ఇంటికి వెళ్ళి రెండు రోజులు ఉండండి. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి, చీకటి పడ్డాక, ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ గాలి తగులుతోందో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మనుషులు కుర్చీలు వేసినచోట కూర్చోరు. నీడా గాలీ ఉన్నచోటికి కుర్చీని లాక్కుని వెళ్ళి కూర్చుంటారు. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం పడమటి ఎండ, వడగాలి భరించలేనివి. సాయంత్రమైతే దక్షిణం నుంచి పైరగాలి వస్తుంది. కాబట్టి ఇంటికి తూర్పు, ఉత్తర పక్కలు సాయంకాలం కూర్చోవడానికి, దక్షిణం వైపు తెరిచి ఉన్న మూల రాత్రి భోజనానికి సాధారణంగా అనువుగా ఉంటాయి. కాలువకు ఎదురుగానే అన్నీ అమర్చాలన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లో అక్కడ కనిపించేది బురద, ప్లాస్టిక్ సంచులే. సెలవుల రద్దీ కూడా సరిగ్గా అప్పుడే ఉంటుంది. తోటవైపు చూసే చోటు ఒకటి తప్పక ఉండాలి.

తోటవైపు అనగానే కొబ్బరిచెట్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదు నుంచి వచ్చేవారు మొదట కుర్చీ వేసుకునేది ఆ చెట్టు కిందే. మనకు పుట్టినప్పటి నుంచి పైకి చూసి నడిచే అలవాటు ఉంటుంది, వారికి ఉండదు. కాయే కాదు, ఎండిన మట్ట పడినా చిన్నపిల్లవాడికి ప్రాణాపాయమే. చెట్టు మొదలు నుంచి మట్టల కొస వరకు ఉన్న వలయంలో స్థిరమైన కూర్చునే చోటు ఏదీ కట్టవద్దు. ఆ మట్టల కింద నీడ ఎలాగూ పలచగానే ఉంటుంది, కనుక పోయేదీ లేదు. అతిథులు నడిచే దారి మీద ఉన్న చెట్లకు దింపు (కాయలు దించే) తేదీలను మీ బుకింగుల పట్టికలోనే రాసుకోండి. మామూలుగా నెలన్నర, రెండు నెలలకొకసారి దింపు తీస్తాము కదా, సంక్రాంతికి, వేసవి సెలవులకు సరిగ్గా ముందు వారంలో ఒక దింపు పడేట్టు చూసుకుని, అదే మనిషి చేత ఎండు మట్టలు కూడా కొట్టించండి. ఊయల కట్టాలంటే మామిడి, చింత వంటి చెట్టుకో, లేకపోతే కాంక్రీటులో పాతిన రెండు స్తంభాలకో కట్టండి.

కొబ్బరి మానుకు మేకులు కొట్టవద్దని ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది. దీపాల తీగలు తగిలించడానికి చాలామంది ఈ పని చేస్తున్నారు. కొబ్బరికి అయిన గాయం మామిడి గాయంలా మానిపోదు, ఆ వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. లోపల తొలిచేసిన సంగతి మనకు తెలిసేసరికి చెట్టు తల మీది మొవ్వు వాలిపోతుంది. తీగను కొబ్బరి తాడుతో వదులుగా కట్టి, ఏడాదికొకసారి ముడి మార్చండి.

ఇక నీడ. ఇనుప పందిరి మీరు చూపిన బొమ్మలో చాలా బాగుంది, కాని దాని పైకప్పు కమ్మీల మధ్య నుంచి మే నెల ఎండ నేరుగా పడుతుంది. ఆ ఎండకు కాలిన ఇనుమును ముట్టుకోలేము. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్ళకు ఉప్పుగాలి మరీ ఎక్కువ. మీకు అంత దగ్గర కాకపోయినా, మామూలు రంగు వేసిన ఇనుము మొదటి వర్షాకాలంలోనే అతుకుల దగ్గర తుప్పు పట్టి, రెండో ఏట కింద గచ్చు మీద ఎర్రటి చారలు దిగుతాయి. ఇనుము తప్పదనుకుంటే తయారైన తరువాత మొత్తంగా కరిగిన జింకులో ముంచినదే తీసుకోండి. ముందుగా పూత పూసిన గొట్టాలను కోసి వెల్డింగు చేస్తే, వెల్డింగు చేసినచోట పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది.

నా దృష్టిలో డెల్టాకు తగిన నీడ రెండు భాగాలుగా ఉండాలి. ఒకటి శాశ్వతమైనది: ఇప్పుడున్న వసారాను అదే పెంకుతో, అదే వాలుతో ఆరేడు అడుగులు ముందుకు పొడిగించడం. మీ డబ్బులో పెద్ద భాగం దీనికే పెట్టండి. వర్షం కురుస్తున్నప్పుడు వసారాలో కూర్చుని చూరు నీళ్ళు చూడటం కోసమే మా ఇంటికి ఆగస్టులో వచ్చేవారు ఉన్నారు. రెండవది ఏటేటా వేసి తీసేసే చలువ పందిరి. సరుగుడు వాసాలు, పైన కొబ్బరి ఆకు లేదా తాటాకు. సంక్రాంతికి ముందు వేయించి, జూన్ తొలివానలకు ముందు విప్పించేస్తాము. ఆకు పశువుల పాక మీదికి, వాసాలు అటక మీదికి పోతాయి. పెళ్ళిళ్ళకు పందిరి వేసే మనిషి ఏ ఊళ్ళో అయినా ఉంటాడు, ఆయన చేతిలో ఇది ఒక పూట పని. విప్పేసేది కనుక తుపానుకు భయం లేదు. పచ్చి వాసాలు నేలలో ఉంటే చెద పడుతుంది కాబట్టి, భూమిలోకి వెళ్ళే మూడడుగులకు తారు పూయించండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఎండిన ఆకు పందిరికి నిప్పురవ్వ చాలు. సంక్రాంతికి వచ్చినవారు భోగిమంట వేయమంటారు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చి మళ్ళీ చలిమంట కాగాలంటారు. మంట వేసే చోటు పందిరికి కనీసం నలభై, యాభై అడుగుల దూరంలో, గాలి వాలు చూసి మీరే నిర్ణయించి, చుట్టూ ఇటుక పేర్చి ఉంచండి. చెప్పకపోతే వారికి తోచినచోట వేస్తారు.

కృత్రిమ గడ్డి గురించి ఎక్కువ రాయను. ఎండలో అది కాళ్ళు కాలేంత వేడెక్కుతుంది. వానలో కింద చేరిన ఒండ్రు బయటికి పోదు, వారం తరువాత వాసన వేస్తుంది. మా దగ్గర అది పద్నాలుగు నెలలు ఉంది. నిజమైన పచ్చిక కూడా అద్దె ఇంటికి నేను సిఫారసు చేయను, ఎందుకంటే దానికి కోత, కలుపు, నీరు అన్నీ కావాలి, వర్షాకాలంలో దానిలో పాకేది కనిపించదు.

నేలకు మంచిది గరుకుగా ఉన్న నాపరాయి. మెరుగు పెట్టినది వద్దు. మన ఒండ్రు, రేగడి నేల తడికి ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. అందుచేత మట్టి మీద నేరుగా సిమెంటు పోసి పరిచిన రాయి రెండేళ్ళలో ఎగుడుదిగుడు అవుతుంది. జానెడు లోతు మట్టి తీయించి, కంకర, ఆపైన ఇసుక వేసి, నీళ్ళు పెట్టి దిమ్మిసతో కొట్టించి, రాళ్ళను ఆ ఇసుక మీదే పరిపించండి. కుంగిన రాయిని ఎత్తి మళ్ళీ సరిచేయవచ్చు. ఎనిమిది అడుగులకు ఒక అంగుళం చొప్పున ఇంటి నుంచి బయటికి వాలు ఉండాలి. ఆ వాలు చివర నీరు ఎక్కడికి పోతుందో కూడా ముందే చూసుకోవాలి. మన దొడ్లలో నీరు నిలవని మూల వెతికి పట్టుకోవడమే కష్టం. వర్షాకాలంలో పట్టే పాచికి వారానికోసారి బ్లీచింగు పొడి చల్లి, ఈనెల చీపురుతో రుద్దితే చాలు. చెట్ల మొదళ్ళ వైపు ఆ నీరు పోనివ్వకండి.

ఈ నేల అంచునే, వసారా మెట్టు పక్కన, కాళ్ళు కడుక్కునే చోటు కట్టించండి. మీ జాబితాలో ఇది లేదు, నా జాబితాలో మాత్రం ఇదే మొదటిది. మోకాలి ఎత్తున ఒక పంపు, మూడడుగుల గరుకు గచ్చు, నిలబడేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ, పక్కనే కూర్చోవడానికి ఒక చిన్న దిమ్మ ఉంటే సరిపోతుంది. ఒండ్రు బురదతో లోపలికి వచ్చిన పిల్లలు నలుగురుంటే దుప్పట్లు, తువ్వాళ్ళు ఎన్ని మార్చాలో మీ పనిమనిషిని అడగండి. అక్కడికి పది అడుగుల దూరంలో, ఎండ తగిలేచోట, దండెం కట్టించండి. దండెం లేని ఇంట్లో తడి తువ్వాళ్ళు ఉయ్యాల మీద, కుర్చీల మీద, మీ నందివర్ధనం చెట్టు మీద కనిపిస్తాయి. ఇది వచ్చేవారి తప్పు కాదు.

ఇప్పుడు కూర్చోవడానికి. సోఫాకు బదులు అరుగు కట్టించండి. మన పాత ఇళ్ళన్నిటికీ వీధి అరుగులు ఉన్నది ఊరికే కాదు. దానిని ఎవరూ ఎత్తుకుపోరు, గాలి ఎగరగొట్టదు, వరద వచ్చిపోతే కడుక్కుంటే చాలు. పొడిగించిన వసారా అంచు వెంబడి ఎత్తు పదహారు, పదిహేడు అంగుళాలు, వెడల్పు కూర్చోవడానికే అయితే ఇరవై అంగుళాలు, మధ్యాహ్నం నడుము వాల్చడానికైతే రెండున్నర అడుగులు ఉండాలి. మా ఇంట్లో ఒక పక్క అలాగే వెడల్పుగా కట్టించాము, అందరూ ముందుగా ఆక్రమించేది దానినే. ముందు అంచును గుండ్రంగా తీయించండి, పిల్లల మోకాళ్ళు, పెద్దవారి పిక్కలు నొక్కుకోకుండా ఉంటాయి. వీపు ఆనే గోడకు రెండున్నర అడుగుల ఎత్తు వరకు ఎర్రమన్ను రంగు, ఆపైన సున్నం వేయించండి. తల నూనె మరకలు, చేతుల మరకలు ఆ ఎరుపులో కనబడవు, ఇంటికి మన ఊరి పోలికా వస్తుంది.

భోజనపు బల్లకూ ఇదే పద్ధతి. రెండు ఇటుక దిమ్మల మీద ఒక పొడవాటి కడప బండ వేసి, రెండు పక్కలా కదిలించగలిగే బల్లబెంచీలు పెట్టండి. మనిషికి రెండడుగుల చొప్పున లెక్క వేసుకుంటే ఎనిమిది మందికి ఎనిమిది అడుగుల బండ కావాలి, ఎత్తు నేల నుంచి రెండున్నర అడుగులు, బెంచీ వెనక మనిషి నడవడానికి మూడడుగుల చోటు ఉండాలి. అరిటాకు వేస్తే వెడల్పు చాలదని కొందరు రెండడుగుల బండ కట్టించి తరువాత బాధపడ్డారు. ఎదురెదురుగా రెండు ఆకులు, నడుమ గిన్నెలు పట్టాలంటే మూడడుగులు కావాలి. కడప బండ, నాపరాయి రెండూ సున్నపురాయి జాతివే కనుక, నిమ్మరసం, చింతపండు పులుసు పడి ఆరితే తెల్లటి మచ్చ పడుతుంది, అది మరక కాదు, రాయి తినేసిన గుర్తు, రుద్దితే పోదు. పులస రోజుల్లో పులుసు ఒలకకుండా తినడం ఎవరివల్లా కాదు కాబట్టి, పక్కనే తడిగుడ్డ ఒకటి ఎప్పుడూ ఉండేట్టు చూసుకోండి. నల్ల బండ ఎండలో పెనంలా కాలుతుంది, నీడలోనే వేయించాలి.

కదిలే వస్తువుల్లో నాకు అన్నిటికంటే నచ్చినది పడక కుర్చీ. టేకు చట్రం, మధ్య కాన్వాసు గుడ్డ. మడిస్తే చంకలో పెట్టుకుని పోవచ్చు. గుడ్డ చిరిగితే ఊళ్ళో దర్జీ గంటలో కుట్టి ఇస్తాడు. నాలుగు కొనండి, గుడ్డలు మాత్రం ఎనిమిది కుట్టించి పెట్టుకోండి. చేతులు బాగా పొడుగ్గా ఉన్నవి వద్దు, లేచేటప్పుడు పెద్దవారు ఆ చివర బలం వేస్తే కుర్చీ బోర్లా పడుతుంది. రెండవది నవారు మంచం. వెన్నెల రాత్రుల్లో దొడ్డిలో మంచం వేసుకుని పడుకున్న జ్ఞాపకం ఉన్నవారు దానిని చూసి సంబరపడతారు, ఆ జ్ఞాపకం లేని పిల్లలు ఇంకా ఎక్కువ. నులక వద్దు, తడిస్తే సాగుతుంది, సందుల్లో నల్లులు చేరతాయి. నైలాన్ నవారు అయితే తడిసినా గంటలో ఆరుతుంది. ప్లాస్టిక్ కుర్చీలను నేను చిన్నచూపు చూడను, పదిమంది వచ్చిన రోజున అవే ఆదుకుంటాయి. కాని ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న ప్లాస్టిక్ చెప్పకుండా విరుగుతుంది. కాళ్ళ దగ్గర తెల్లటి గీతలు కనిపించిన కుర్చీని వెంటనే తీసేయండి. పేము కుర్చీలు వసారాలో చక్కగా ఉంటాయి, వానజల్లు తగిలేచోట బూజు పడతాయి. పేములా కనిపించే ప్లాస్టిక్ అల్లిక కావాలంటే లోపలి చట్రం అల్యూమినియమా, ఇనుమా అని అడిగి, నమ్మకుండా అయస్కాంతం పెట్టి చూడండి. మాకు అల్యూమినియం అని చెప్పి అమ్మిన కుర్చీల్లోంచి రెండో వర్షాకాలానికి తుప్పు నీళ్ళు కారాయి.

దిండ్లు తక్కువ పెట్టండి. మనిషికి ఒకటి చాలు, జిప్పు ఉన్న గలేబు, ముదురు చారల చేనేత గుడ్డ. దూది దిండు ఒకసారి తడిస్తే ఆ సెలవులకు ఇక ఆరదు కాబట్టి లోపల నీరు త్వరగా వదిలే నురుగు దిండు వేయించండి. నరసాపురం లేసు అందమైనదే, మా అత్తగారు కుట్టినవి ఇంట్లో పెట్టె నిండా ఉన్నాయి; అవి లోపలి గదిలో గోడకు అద్దాల చట్రంలో ఉండాలి కాని, పూతరేకులు తిన్న చేతులు తుడుచుకునే చోట కాదు. దిండ్లన్నీ పట్టే మూత పెట్టె ఒకటి వసారాలో ఉంచి, రాత్రి పడుకునే ముందు అందులో వేయమని మర్యాదగా ఒక చీటీ అంటించండి.

దీపాల తోరణాల విషయంలో డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. సార్వా (వానాకాలపు వరి) పంట కోతలకు ముందు, మళ్ళీ దాళ్వా (రెండో పంట) చివర్లో, చుట్టూ పొలాల్లోని పచ్చదోమ, సుడిదోమ వెలుతురు కోసం ఇంటి మీద పడతాయి. అవి కుట్టవు, కాని అన్నంలో, కళ్ళలో, గ్లాసుల్లో పడతాయి. తెల్లటి దీపానికి ఎక్కువగా, పసుపు దీపానికి తక్కువగా వస్తాయి. కాబట్టి కూర్చునేచోట 2700 కెల్విన్ లేదా అంతకంటే తక్కువ ఉన్న పసుపు వెలుతురే వాడండి. తల మీద కాకుండా మోకాలి ఎత్తున, వెలుతురు నేల మీద పడేట్టు పెట్టండి. భోజనపు బల్లకు ముప్పై, నలభై అడుగుల దూరంలో ఒక తెల్లదీపం వేరే స్విచ్చితో పెట్టి ఉంచితే, ఆ రోజుల్లో పురుగులన్నీ దాని చుట్టూ చేరతాయి, ఇక్కడ భోజనం సాగుతుంది. బయటి దీపాలన్నీ నీరు చిమ్మినా తట్టుకునే ఐపీ 65 రకం కావాలి. బయటి వైరింగంతటికీ విడిగా 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ తగిలితే కరెంటును వెంటనే ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తింగు తప్పనిసరి. తడి నేల, చెప్పులు లేని కాళ్ళు, ఎవరో పొడిగించిన తీగ, ఈ మూడూ ఒకచోట కలిసే ఇల్లు మనది. దీని మీద పొదుపు చేయవద్దు.

దోమలకు కొవ్వొత్తులు, మొక్కలు అంటూ చాలా అమ్ముతారు. నిజంగా పనిచేసేది ఫ్యాను. అరుగు పైన దూలానికి ఒకటి, బల్ల దగ్గర నిలబెట్టేది ఒకటి ఉంటే దోమ ఆ గాలిలో ఎగరలేదు. నీరు నిలిచే కుండీ పళ్ళేలు, కొబ్బరి చిప్పలు, తాగి పడేసిన బొండాలు ఏరివేయించాలి. బొండాలకని మూత ఉన్న పెద్ద డబ్బా ఒకటి బల్ల దగ్గరే పెట్టండి. కొబ్బరి డొక్కల పోగు, మట్టల పోగు, ఇటుకల పోగు అతిథులు తిరిగే దారికి దూరంగా ఉండాలి, ఎలుకలు అక్కడ చేరతాయి, వాటి వెనక నాగుపాము, రక్తపింజర వస్తాయి. ఇంటి నుంచి స్నానాల గదికి, వాహనానికి వెళ్ళే దారుల్లో మాత్రం నేల కనిపించేంత వెలుతురు రాత్రంతా ఉండాలి.

మొక్కల కోసం కడియం వెళ్తారు, వెళ్ళాలి కూడా. కాని కడియపులంక నర్సరీల్లోకి జాబితా లేకుండా అడుగు పెడితే బండి నిండిపోతుంది. కుండీలు కూడా నా నియమం కిందికే వస్తాయి. పెద్ద సిమెంటు కుండీ కదలదు, చిన్న మట్టికుండీ ఒక చేత్తో వస్తుంది, మధ్యరకం కుండీలే గాలికి దొర్లి పగులుతాయి. వీలైనంత వరకు నేలలోనే నాటండి. పడమటి ఎండకు అడ్డంగా రాధామనోహరం గాని, సన్నజాజి గాని పందిరి ఎక్కించండి. సాయంత్రం వసారాలో కూర్చున్నవారికి ఆ వాసనే సగం అలంకారం. నందివర్ధనం, మందారం, పారిజాతం ఎవరూ చూడకపోయినా బతుకుతాయి. గట్టువైపు నీడకు పొన్న మంచిది, ఉప్పుగాలిని తట్టుకుంటుంది. కాగితం పూల ముళ్ళను నడిచే దారికి ఆనించకండి. గన్నేరు అందంగానే ఉంటుంది గాని ఆకు నుంచి గింజ వరకు విషం, పసిపిల్లలు వచ్చే ఇంట్లో చేతికందే చోట వద్దు. ఉన్న తులసికోటను కదిలించకుండా, చుట్టూ చెప్పులు విడవకుండా చిన్న గట్టు కట్టించండి.

అలంకారానికి పాత వస్తువులు తెచ్చి పెట్టే మోజు ఇప్పుడు బాగా పెరిగింది. మీ ఇంట్లోనే ఉన్న రోలు, తిరగలి, పొత్రం చక్కగా సరిపోతాయి. బరువైనవి, పాడుకానివి, చూసి కథ అడుగుతారు. ఇత్తడి గంగాళాలు బయట పెడితే చిలుము పడతాయి, లేదా కనిపించకుండా పోతాయి. పాత నాటుపడవను దొడ్డిలో పెట్టి దానిలో దిండ్లు వేయడం ఒకచోట చూశాను. ఫోటోకు బాగుంది, కాని వారం తరువాత దాని అడుగున వాననీటిలో దోమ పిల్లలు ఈదుతున్నాయి. రంధ్రాలు పెట్టించే ధైర్యం ఉంటేనే పడవ తెచ్చుకోండి.

కాలువ రేవు మెట్లకు ఒక పక్క గట్టి పట్టుకమ్మి వేయించండి, మెట్ల మీద పాచి గీకించండి, పిల్లలు ఇంటి నుంచి నేరుగా రేవులోకి పరుగెత్తకుండా నడుమ గడియ ఉన్న దడి తలుపు పెట్టించండి. కాలువ పారుదల పైకి నెమ్మదిగా కనిపించినా లోపల లాగుతుంది, ఏటిలో అయితే చెప్పనక్కరలేదు. తేలే గాలి చక్రం ఒకటి, పొడవాటి తాడుతో, అందరికీ కనిపించేచోట తగిలించి ఉంచండి. ఏటిగట్టు మీద మాత్రం చప్టా, గుడిసె, బల్ల ఏదీ శాశ్వతంగా కట్టకండి, ఆ గట్టు జలవనరుల శాఖది. మీ చోటు సముద్రపు పోటు తగిలే ఏటి ఒడ్డు అయితే కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు కూడా వర్తించవచ్చు, కనుక వసారా పొడిగింపుకు ముందే పంచాయతీలో అడిగి కాగితం తీసుకోండి.

డబ్బు సంగతి. రెండు లక్షల్లో సగానికి పైగా వసారా పొడిగింపు, అరుగు, బల్ల, నేల, కాళ్ళు కడుక్కునే చోటుకు పోవాలి. వసారా అంచనా ఎక్కువ వస్తే ఈ ఏడాది నాపరాళ్ళ నేలను సగమే పరిపించండి, వసారాను మాత్రం తగ్గించకండి. తరువాతి వాటా వైరింగు, ఫ్యాన్లు, దీపాలకు. మిగిలినదానితో పడక కుర్చీలు, రెండు నవారు మంచాలు, దిండ్లు, చలువ పందిరి, చివరిగా మొక్కలు. కట్టుబడి పని వానలు వెనకబట్టాక, డిసెంబరులో మొదలుపెడితే సంక్రాంతికి పూర్తికాదు. ఆ పండుగకు పందిరి, కుర్చీలతో గడిపి, ఫిబ్రవరి, మార్చిలో కట్టించుకోండి. మొక్కలు జూన్ చివర నాటితే నీళ్ళు పోసే పని తగ్గుతుంది.

ఉయ్యాల బల్ల గురించి మీరు చివర్లో విడిగా అడిగారు. తప్పకుండా పెట్టండి, వసారాలోనే, నీడలోనే. నాలుగు గొలుసుల టేకు బల్ల అయితే పెద్దవారు ముగ్గురు కూర్చుంటారని, పిల్లలు ఆరుగురు ఎక్కుతారని లెక్క వేసుకోండి. కొక్కేలను పెంకుల కింది వాసానికి కాదు, ప్రధాన దూలానికి ఆరపార బోల్టుతో బిగించాలి, దూలం పాతదైతే వడ్రంగి చేత సుత్తితో కొట్టించి గుల్లతనం చూపించుకున్నాకే. ముందూ వెనకా మూడేసి అడుగుల ఖాళీ వదలండి. గొలుసులో ముందుగా అరిగేది కొక్కేనికి తగిలే పై లంకె, కింద నుంచి చూస్తే అది కనిపించదు. మా ఇంట్లో ఏటా దసరాకు ముందు నిచ్చెన వేసి, ఆ లంకెను చేత్తో తడిమి చూసి, సగం అరిగినట్టు తోస్తే గొలుసు మార్చేస్తాము.